మేం ఎవరి కంటికి కనపడుతున్నాం?

మేడ్చల్ బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతుంటే, మాకు తమ్ముడి వరసైన ఒక కార్యకర్త తన ఫోన్ తీసి మా ముందు పెట్టాడు. అందులో రెండు వీడియోలు. రెండింట్లోనూ మాట్లాడింది అతనే. మొదటిది ఖబ్రస్తాన్ గురించి. చుట్టూ ప్లాట్లు లేచి, రోడ్లు వెడల్పయి, గోరీల హద్దురాళ్లు ఏడాదికింత లోపలికి ఎట్లా జరిగాయో నడిచి చూపించాడు. అధికారులకు ఇచ్చిన దరఖాస్తుల నకళ్లు చూపించాడు. ఊరందరికీ అర్థం కావాలని మొత్తం తెలుగులోనే చెప్పాడు. దాన్ని వంద మంది కూడా చూడలేదు. రెండోది, ముస్లింలను తిట్టిన ఎవడో మతోన్మాదికి ఇచ్చిన జవాబు. నెత్తిన టోపీ, పెద్ద గొంతు, ఉర్దూ మాట. రెండు నిమిషాలు కూడా లేదు. అది వేలల్లో పోయింది. కింద తిట్లే తిట్లు. కొన్ని శభాష్‌లు.

"భాయ్‌సాబ్, గోరీల జాగ గురించి చెప్తే ఎవరికీ పట్టదు. కోపం చేస్తే ఊరంతా చూస్తది. ఇగ నేనేం చెయ్యాలె?" అన్నాడు.

మాకు అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. ఇట్లాంటి పిల్లలు మేడ్చల్‌లోనే కాదు, శామీర్‌పేటలో ఉన్నారు, మన ప్రతి బస్తీలో ఉన్నారు. రేషన్‌కార్డు, హాస్టల్ సీటు, ఖబ్రస్తాన్, దర్గా భూమి కోసం తిరిగే కార్యకర్త క్రమంగా వాటిని వదిలేసి, ఫోన్‌లో 'ముస్లిం గొంతు'గా మారిపోతున్నాడు. అతన్ని మారుస్తున్నదెవరు? అతనికి ఏ ముఖం ఉండాలో నిర్ణయిస్తున్నదెవరు?

కనపడటం, కనపడకపోవడం మనకు కొత్త సమస్య కాదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు, 1998లో స్కైబాబా సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చినప్పుడు, తెలుగు ముస్లింలు అడిగింది ఒక్కటే. మా గురించి మేమే చెప్పుకుంటాం, మీ చూపుతో మమ్మల్ని కొలవకండి అని. బాబ్రీ మసీదు గొడవ చుట్టూ దేశమంతా మనల్ని అనుమానపు కళ్లతో చూస్తున్న కాలం అది. పత్రికల్లో మనకు రెండే చోట్లుండేవి. రంజాన్ నెలలో హలీమ్ ఫోటో పక్కన ఒకటి, మిగతా పదకొండు నెలలు నేరవార్తల పేజీలో ఇంకొకటి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుకుపోయింది ఎక్కువగా మన పిల్లల్నే. కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. ప్రభుత్వం కొందరికి పరిహారం కూడా ఇచ్చింది. అరెస్టు వార్తకు దొరికిన అక్షరాల సైజు, విడుదల వార్తకు దొరికిందా?

అప్పటి గేట్ల దగ్గర నిలబడ్డది మనిషి. సబ్ ఎడిటరో, ఎడిటరో, యజమానో. అతనిది ఏ కులమో మనకు తెలుసు, ఏ పార్టీయో తెలుసు. ఆఫీసుకు పోయి టేబుల్ ముందు నిలబడి కొట్లాడేవాళ్లం. ఉత్తరాలు రాసేవాళ్లం. కొన్నిసార్లు గెలిచాం కూడా. ఇవాళ గేటు దగ్గర నిలబడ్డది యంత్రం. దానికి టేబుల్ లేదు. పేరు మాత్రం ఉంది. అల్గారిదమ్.

ఆ పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణిత శాస్త్రవేత్త ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ. భారతదేశపు అంకెలతో లెక్కలు చేసే పద్ధతి మీద ఆయన రాసిన గ్రంథం లాటిన్‌లోకి పోయింది. అక్కడివాళ్ల నోట్లో ఆయన పేరు నలిగి నలిగి అల్గారిదమ్ అయింది. హిందువుల అంకెలు, ముస్లిం పండితుడి పేరు, రెండూ ఆ మాటలో కలిసే ఉన్నాయి. అదే మాట ఇవాళ మనల్ని విడదీసి వేరు వేరు గంపల్లో వేస్తోంది.

ఈ యంత్రం చేసేదేమిటి? మంత్రం ఏమీ లేదు. ఒక పోస్టు మీరు చూస్తే లైక్ కొడతారా, కామెంట్ రాస్తారా, పదిమందికి పంపుతారా అని ముందుగా అంచనా వేసి మార్కులు వేస్తుంది. ఎక్కువ మార్కులొచ్చింది పైకి, తక్కువ మార్కులది అడుగుకి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన పద్ధతి మార్చి, జనం ఒకరితో ఒకరు ఎక్కువగా మాట్లాడుకునే పోస్టులను పైకి తెస్తామంది. వినడానికి బాగానే ఉంది. కానీ జనం ఎక్కువగా మాట్లాడేది దేని మీద? కోపం మీద. 2017 నుంచే అక్కడ కోపం బొమ్మ నొక్కితే మామూలు లైక్‌కు ఐదు రెట్ల విలువ ఇచ్చారని, 2020 సెప్టెంబరుకు గానీ దాన్ని సున్నా చేయలేదని కంపెనీ లోపలి పత్రాలు బయటపడ్డాక 2021లో లోకానికి తెలిసింది. అంటే మేడ్చల్ ఖబ్రస్తాన్ వీడియో ఓడిపోయింది అబద్ధం కాబట్టి కాదు. దాన్ని చూసి ఎవరూ పళ్లు కొరకలేదు కాబట్టి.

అవే పత్రాల్లో ఇంకో సంగతి ఉంది. 2019 ఫిబ్రవరిలో కంపెనీ పరిశోధకులు ఒకరు కేరళలో ఉన్నట్టుగా ఒక ఉత్తుత్తి ఖాతా తెరిచారు. యంత్రం చూపించిన దారినే పోవడం తప్ప ఆ ఖాతా ఇంకేమీ చేయలేదు. మూడు వారాల్లో ఆ ఖాతా నిండా శవాల బొమ్మలు, ముస్లిం వ్యతిరేక ద్వేషం, పాకిస్తాన్ మీద బూతులు. ఎవరూ అడగలేదు. యంత్రమే వడ్డించింది. మన దేశంలో రాజ్యాంగం గుర్తించిన భాషలు 22 ఉంటే, ద్వేషాన్ని పట్టే యంత్రాలకు నేర్పిన భాషలు ఐదేనని కంపెనీయే అప్పుడు ఒప్పుకుంది. ద్వేషం మాత్రం అన్ని భాషల్లో ఉంది!

ఇది ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో రోహింగ్యాలున్నారు. మయన్మార్‌లో వాళ్ల మీద ద్వేషాన్ని పెంచడంలో ఫేస్‌బుక్ పాత్ర ఉందని 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం తేల్చింది. ద్వేషాన్ని పైకి తోసింది ఆ కంపెనీ అల్గారిదమ్‌లేనని 2022లో ఆమ్నెస్టీ వివరంగా రాసింది. బాలాపూర్ గుడిసెలో ఉన్న రోహింగ్యా తల్లికి అల్గారిదమ్ అనే మాట తెలియకపోవచ్చు. దాని పని మాత్రం ఆమెకు తెలుసు.

యంత్రానికి మతం లేదు కదా, దానికేం తెలుస్తుంది అని కొందరు సెక్యులర్ మిత్రులు అంటారు. యంత్రానికి చదువు చెప్పేది మనిషే. ఆ మనుషులు మన ఊళ్లోనే ఉన్నారు. విప్రో కాంట్రాక్టు కింద హైదరాబాద్‌లో 260 మంది దాకా కూర్చుని, 2014 నుంచి జనం పెట్టుకున్న పోస్టులను ఇది ఏమిటి, ఎందుకు పెట్టారు అని ఒక్కొక్కటిగా వర్గీకరిస్తున్నారని 2019 మేలో రాయిటర్స్ బయటపెట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, జెన్‌ప్యాక్ట్ తరఫున హైదరాబాద్‌లో ఫేస్‌బుక్ పోస్టులు పరిశీలించే సుమారు 1,600 మంది గురించి, వాళ్లలో కొందరు తక్కువ జీతాలని, ఒత్తిడని మొరపెట్టుకున్న సంగతి రాసింది. నిమిషానికి నాలుగు పోస్టుల చొప్పున చూడాలి. నిమిషానికి నాలుగు! పదిహేను సెకన్లలో ఆ పిల్ల, ఆ పిల్లాడు ఒక ముస్లిం కోపం న్యాయమో అన్యాయమో తేల్చాలి. మేం ఆ కూలీలను తప్పుపట్టడం లేదు. వాళ్లూ మన బిడ్డలే. ఈ నగరం కూలి చేసి పెంచిన యంత్రమే ఈ నగరపు ముస్లింని గుర్తుపట్టలేకపోతోంది అంటున్నాం.

పైనున్నవాళ్ల సంగతి వేరు. అక్కడ తెలియకపోవడం లేదు, తెలిసీ ఊరుకోవడం ఉంది. గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ పేరుతో వచ్చిన పోస్టుల్లో రోహింగ్యాలను కాల్చేయాలనడం, ముస్లింలను ద్రోహులనడం, మసీదులు కూలుస్తాననడం ఉన్నాయి. ఆయన్ని నిషేధించాలని కంపెనీ సిబ్బందే తేల్చినా, భారతదేశంలో కంపెనీ విధాన వ్యవహారాలు చూసే ఉన్నతాధికారి వ్యాపారానికి నష్టమని అడ్డుపడ్డారని 2020 ఆగస్టు 14న వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. ఆ గొడవ అయ్యాక సెప్టెంబరులో నిషేధం వచ్చింది. ఆ పేజీలు తనవి కావని ఆయన అన్నారు. మా ప్రశ్న అది కాదు. అన్నేళ్లు ఆ మాటలు ఎన్ని వేల ఫోన్లకు చేరాయి? వాటికి జవాబు చెప్పబోయి ఎంతమంది ముస్లిం పిల్లలు తమ అసలు పని వదిలి 'కోపం ముస్లిం' అయిపోయారు? నిషేధంతో పేజీ పోతుంది. మారిపోయిన పిల్లవాడు వెనక్కి వస్తాడా?

ఇప్పుడు ఒక మాట గురించి చెప్పాలి. రెండు భాషల మధ్య బతికేవాళ్లం కాబట్టి ఇది మాకు ఎక్కువ నొప్పి. 'షహీద్'. తెలుగులో అమరుడు. తెలంగాణ ఉద్యమంలో ఊరూరా అమరుల స్తూపాలు లేచాయి. ఎవరూ ఆ మాటను అనుమానించలేదు. అదే మాటను ఉర్దూలో అంటే? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల నుంచి తొలగించిన పోస్టుల్లో మరే ఒక్క మాట కన్నా 'షహీద్' అనే మాట వల్ల పోయినవే ఎక్కువని ఆ కంపెనీ ఏర్పాటు చేసిన పర్యవేక్షక మండలే 2024 మార్చిలో చెప్పింది. కంపెనీ ప్రమాదకరులుగా జాబితాలో పెట్టినవాళ్ల గురించి ఆ మాట వాడితే, ఏ సందర్భంలో వాడినా పొగడ్తగానే లెక్కగట్టారు. ఆ మాటకు ఎన్నో అర్థాలున్నాయని, ఈ నియమం ముస్లింల గొంతు మీద పడుతోందని మండలి చెప్పాక, ఆ ఏడాది జూలైలో కంపెనీ మార్చుకుంటామంది.

మన షహీద్‌లెవరు? 1940లో విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి చనిపోయిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ. 1948 ఆగస్టులో రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్. మనం షహీద్ భగత్‌సింగ్ అంటాం, షహీద్ బందగీ అంటాం. మన నాలుక మీద ఆ మాటకు మట్టివాసన ఉంది, రైతు నెత్తురు ఉంది. ఎక్కడో కూర్చున్న యంత్రం ఆ మాటలో బాంబునే చూసింది. ఒక భాషలో మాటనే అనుమానితుల జాబితాలో పెడితే, ఆ భాష మాట్లాడే మనిషి ఎక్కడ నిలబడాలి? మన పిల్లలు ఇప్పుడు కొన్ని మాటల మధ్యలో చుక్కలు పెట్టి రాస్తున్నారు, యంత్రం కళ్లుగప్పాలని. సొంత భాషను దొంగచాటుగా రాసుకోవడం కంటే పరాయితనం ఇంకేముంటుంది?

అన్నింటికీ యంత్రాన్నే అనడం కూడా సరికాదు. 2025 మేలో ఇన్‌స్టాగ్రామ్‌లో 'ముస్లిం' అనే పేరుతో లక్షల మంది అనుసరించే వార్తల పేజీ మన దేశంలో కనపడకుండా పోయింది. అది అల్గారిదమ్ పని కాదు, సర్కారు కోరితే జరిగిన పని. వాట్సాప్ గ్రూపుల్లో మార్కులు వేసే యంత్రం లేదు. అక్కడ మన చుట్టుపక్కలవాళ్లే అల్గారిదమ్. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని చెరిచి చంపిన ఘోరంలో నిందితులు నలుగురు. అందులో ముస్లిం ఒక్కడు. ఆ ఒక్క పేరునే పట్టుకుని ఊరేగించింది ఏ యంత్రమూ కాదు, మనుషులే. మిగతా మూడు పేర్లకు మతం లేకుండా పోయింది!

ఇక మన ఆడవాళ్ల సంగతి. వాళ్లు మాట్లాడటం లేదని, బుర్ఖాలో దాక్కున్నారని దశాబ్దాలుగా అన్నారు. మాట్లాడారు. ఏం జరిగింది? 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అనే యాప్‌లో సుమారు వంద మంది ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి వేలం పాట నడిపారు. అందులో జర్నలిస్టులున్నారు, కార్యకర్తలున్నారు. అరవై దాటిన మన హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఖాలిదా పర్వీన్ ఫోటో కూడా ఉంది. ఎవరి ఫోటోలు దొరికాయి? సోషల్ మీడియాలో ముందుకొచ్చి మాట్లాడినవాళ్లవే. ఫోటో పెట్టకపోతే యంత్రం కిందకు తోస్తుంది. పెడితే సంతలో నిలబెడతారు. శామీర్‌పేటలో డిగ్రీ చదివే ముస్లిం అమ్మాయికి మనం ఏం సలహా ఇవ్వగలం? ఇంట్లో అన్నదమ్ములేమో ఇదే సాకుగా ఆమె ఫోన్ లాక్కుంటారు. ద్వేషించేవాడూ, కాపాడేవాడూ కలిసి ఆమె నోరే మూస్తారు.

ఇంకో కన్ను కూడా ఉంది. 2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్క్ తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫోటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, నా ముఖం ఎక్కడికి పోయింది అని ఆయన హైకోర్టుకు పోయారు. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాల వాడకాన్ని ప్రశ్నించిన ఆ కేసులో 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు వెళ్లింది. తెలంగాణలో తీసేసిన సుమారు 19 లక్షల రేషన్‌కార్డుల మీద సుప్రీంకోర్టుకు పోయిందీ ఆయనే. ఇంటికి పోయి చూడకుండా కంప్యూటర్ లెక్కతో కార్డులు తీసేశారన్న ఆ కేసులో, 2022 ఏప్రిల్‌లో కోర్టు మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమంది. ఆకలితో ఉన్న ముస్లిం, దళిత, బహుజన కుటుంబం యంత్రానికి కనపడదు. రోడ్డు మీద పోతున్న గడ్డం మాత్రం కనపడుతుంది. ఎక్కడ కనపడాలో అక్కడ లేము. ఎక్కడ మామూలు మనుషుల్లా కలిసిపోవాలో అక్కడ వేలెత్తి చూపబడతాం.

ఇంతవరకు ఎదుటివాళ్ల గురించి చెప్పాం. మన గురించి కూడా చెప్పుకోవాలి. యంత్రం ఇద్దరు ముస్లింలనే ఇష్టపడుతోంది. ఒకడు అరిచేవాడు. రెండోవాడు, తన ఖౌమ్‌ను తిట్టి మెజారిటీ మెప్పు పొందేవాడు. ఈ ఇద్దరి మధ్య మూడోవాడు నలిగిపోతున్నాడు. అతను మేడ్చల్ దగ్గర కంపెనీలో రోజుకూలీ. అతను పంక్చర్లేసేవాడు, దూదేకేవాడు, ఆటో తోలేవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల మనిషికి సగం తెలుగు పేరుంటుంది, సగం ముస్లిం పేరుంటుంది. అతను ఏ గంపలోనూ పట్టడు. ఊళ్లో పీర్ల పండుగకు అలావ చుట్టూ తిరిగే మాదిగ, సాయిబు, గొల్ల ముఖాలు ఒకే వీడియోలో ఉంటే ఎవరికీ కోపం రాదు, కాబట్టి అది ఎవరికీ చేరదు. మన నాయకులకూ ఇదే అనుకూలంగా ఉంది. అష్రాఫ్ నాయకుడికి దూదేకుల రిజర్వేషన్ మీద మాట్లాడటం కంటే కెమెరా ముందు గర్జించడం తేలిక. అస్తిత్వం అంటే మనం వెతుక్కుని, పోట్లాడి, మనలో మనం తర్కించుకుని చెప్పుకునే మాట. ఇవాళ యంత్రం ఏ ముఖానికి మార్కులు వేస్తే ఆ ముఖమే మన అస్తిత్వం అనుకుంటున్నాం. పుట్టుమచ్చ వాళ్లు పెట్టిందని ఒకప్పుడు మండిపడ్డాం. ఇప్పుడు అద్దంలో చూసుకుని మనమే దిద్దుకుంటున్నాం!

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మీరు ద్వేషపు వీడియోను ఖండించడానికి షేర్ చేస్తారు. మీ ఉద్దేశం మంచిదే. యంత్రానికి మీ ఉద్దేశం తెలియదు. దానికి తెలిసింది మీ వేలు నొక్కిన సంగతే. మీ ఖండన కూడా వాడి ఖాతాలో మార్కులే. మామీద దాడి జరిగినప్పుడే మమ్మల్ని చూస్తారు. మా ఖబ్రస్తాన్ వీడియోను, మా పిల్లల ఫీజుల గోసను ఎప్పుడైనా పంచుకున్నారా? బాధితుడిగా తప్ప పౌరుడిగా మమ్మల్ని చూడటం మీకూ అలవాటు కాలేదేమో ఆలోచించండి.

ఫోన్లు పారేయమని మేం చెప్పడం లేదు. పత్రికలు మనకు తలుపులు మూసిన రోజుల్లో ఈ ఫోనే మన పిల్లలకు చోటిచ్చింది. కానీ అడగాల్సినవి ఉన్నాయి. తెలుగులో, ఉర్దూలో యంత్రం ఏం తీసేస్తోందో, ఏం పైకి తోస్తోందో బయటివాళ్లతో పరీక్ష చేయించాలి. పోస్టు తీసేస్తే కారణం మన భాషలో చెప్పాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి. 2023లో కేంద్రం అప్పీలు కమిటీలు కూడా పెట్టింది. ఇవి ఉన్నాయని మేడ్చల్‌లో ఎంతమందికి తెలుసు? శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఈ చట్టాలు చదివే పిల్లలున్నారు. ఆ గేటు బయట ఆ చట్టాలు అవసరమైన పిల్లలున్నారు. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని ఏ యంత్రమూ చేయదు. మనమే చేయాలి.

ఆ తమ్ముడికి మా జవాబు ఇదీ. వీడియో తియ్యి, కానీ దాని లెక్కను నీ లెక్క అనుకోకు. గోరీల జాగ కాపాడటానికి వెయ్యి మంది ఫోన్‌లో చూడనక్కర్లేదు. హద్దురాయి దగ్గర యాభై మంది నిలబడితే చాలు. అందులో సాయిబులుండాలి, ఆ ఖబ్రస్తాన్ పక్క పొలంలో పనిచేసే మాదిగలుండాలి, అక్కడ గోరీలు తవ్వే మనిషి ఉండాలి. కరపత్రం అచ్చువేయి. సోమవారం ప్రజావాణికి అందరినీ తీసుకుపో. రసీదు అడిగి తీసుకో. టోపీ పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో, వద్దనిపిస్తే తీసేయి. అది నీ ఇష్టం. నీ నెత్తి మీద ఏముండాలో నిర్ణయించే హక్కు ద్వేషించేవాడికి లేదు, మెచ్చుకునేవాడికి లేదు, మార్కులు వేసే యంత్రానికీ లేదు.

మేం ఉన్నాం. ఎవరికో కోపం వచ్చినప్పుడే కాదు, రోజూ ఉన్నాం. మమ్మల్ని చూడదలచుకున్నవాళ్లు ఫోన్ నుంచి ఒక్కసారి తల ఎత్తితే చాలు.